బొమ్మ కింద రెండే వరుసలు: కంప్యూటర్ శాస్త్రజ్ఞుల పటాలకు ఏమి రాయాలి?

కొర్లగుంట అయ్యవారు
సోమవారం, రాత్రి 8.40

సభ్యులందరికీ నమస్కారం. నేను తిరుపతికి దగ్గరలో ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవానికి మా పిల్లలు కంప్యూటర్ శాస్త్రాన్ని నిలబెట్టిన వారి పటాలతో ఒక ప్రదర్శన పెడుతున్నారు. పటాలు పది. ఒక్కొక్క పటం కింద రెండు వరుసలకు మించి చోటు లేదు. ఆ రెండు వరుసల్లో అబద్ధం ఉండకూడదని నా పట్టుదల, అందుకే ఇక్కడికి వచ్చాను.

పిల్లలు తమంతట తాము ఎక్కడెక్కడో వెతికి రాసుకొచ్చిన మొదటి ప్రతిలో చార్లెస్ బాబేజ్ కంప్యూటర్ పితామహుడు, అలన్ ట్యూరింగ్ కంప్యూటర్ పితామహుడు, జాన్ వాన్ న్యూమన్ కూడా కంప్యూటర్ పితామహుడే. నేను చదివి వినిపిస్తుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "పితామహుడంటే తాత కదా సార్, ఎవరికైనా తాతలు ఇద్దరే ఉంటారు, దీనికి ముగ్గురేంది?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది గానీ నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రతిలోనే గ్రేస్ హాపర్ యంత్రంలో తప్పుకు వాడే "బగ్" (అంటే పురుగు) అనే మాటను కనిపెట్టిందనీ, మన జిల్లాకు చెందిన రాజ్ రెడ్డి గారు ఫోనులో మాటలు వినే యంత్రాన్ని కనిపెట్టారనీ, బిల్ గేట్స్, స్టీవ్ జాబ్స్ కంప్యూటర్‌ను సృష్టించారనీ కూడా ఉంది. దయచేసి సరిదిద్దండి. శుక్రవారం ఫ్లెక్సు దుకాణానికి ఇవ్వాలి.


పలమనేరు గణకుడు
సోమవారం, రాత్రి 9.25

అయ్యవారికి నమస్కారం. ముందుగా ఆ అమ్మాయికి నా తరఫున ఒక పెన్ను కొనివ్వండి. "పితామహుడు" అనే మాటను పది పటాల్లో ఎక్కడా వాడకండి. ఆ మాట ఎవరి పని ఏమిటో చెప్పదు, పైగా చెప్పినట్టు భ్రమ కలిగిస్తుంది.

ఆ ముగ్గురి పనీ మూడు రకాలు. బాబేజ్ 1830లలో, ఏ లెక్కనైనా చేయించుకోగలిగే పళ్ల చక్రాల యంత్రానికి నమూనా గీశాడు. అందులో అంకెలు దాచుకునే భాగం వేరు, లెక్క కట్టే భాగం వేరు. అది ఆయన జీవితకాలంలో పూర్తికాలేదు. ఆయన గీసిన మరొక యంత్రాన్ని, అంటే పట్టికలు లెక్కించే రెండవ డిఫరెన్స్ ఇంజన్‌ను, లండన్ సైన్స్ మ్యూజియం వారు 1991లో ఆ గీతల ప్రకారమే కట్టి చూస్తే సరిగ్గా పనిచేసింది. కాబట్టి "కనిపెట్టాడు" అనకుండా "రూపకల్పన చేశాడు" అనండి.

ట్యూరింగ్ 1936లో రాసిన వ్యాసంలో యంత్రమే లేదు, కాగితం మీద ఊహ మాత్రమే ఉంది. ఒక పొడవాటి టేపు, దాని మీద గుర్తులు, ఒక్కొక్క గుర్తును చూసి చెరిపి రాసే తల, కొన్ని నియమాలు, అంతే. ఇంత చిన్న సరంజామాతో, నియమాలను కూడా టేపు మీదే రాసి ఇస్తే ఒకే యంత్రం మిగతా అన్ని యంత్రాల పనీ చేయగలదని చూపించాడు. మీ ఫోనులో ఈరోజు లెక్కల యాప్, రేపు పాటల యాప్ వేసుకోగలగడానికి మూలం ఆ ఊహే. ఆ వ్యాసంలోనే, ఏ యంత్రమూ ఎప్పటికీ తేల్చలేని ప్రశ్నలు కొన్ని ఉన్నాయని కూడా నిరూపించాడు. యంత్రాలు పుట్టకముందే వాటి హద్దు గీసినవాడు ఆయన.

వాన్ న్యూమన్ పేరుతో 1945 జూన్‌లో బయటికి వచ్చిన నివేదిక, అంకెలనూ ఆదేశాలనూ ఒకే జ్ఞాపకశాలలో ఉంచే పద్ధతిని వివరించింది. అయితే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అటువంటి ఎడ్వాక్ అనే యంత్రం మీద పనిచేస్తున్న ఎకర్ట్, మాక్లీల ఆలోచనలు కూడా అందులో ఉన్నాయి, అట్ట మీద మాత్రం ఒక్కరి పేరే పడింది. ఆ ఇద్దరూ దాన్ని జీవితమంతా మరచిపోలేదు. రెండు వరుసల్లో ఒకటి వాళ్లకు ఇవ్వడం న్యాయం.

గేట్స్, జాబ్స్ వ్యాపారాన్ని నడిపించినవారు. వారికి వేరే గోడ చూడండి.


చిత్తూరు గుమస్తా
సోమవారం, రాత్రి 10.05

గణకుడు గారు చెప్పినదంతా బాగుంది గానీ, ట్యూరింగ్ పటం కింద రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వాడిన ఎనిగ్మా రహస్య లిపిని ఛేదించినవాడని రాయకపోతే పిల్లలు ఒప్పుకోరు. సినిమాలు చూసిన పిల్లలు కదా.


పలమనేరు గణకుడు
సోమవారం, రాత్రి 10.20

రాయండి, కానీ "ఒంటరిగా" అనే అర్థం రాకుండా చూడండి. ట్యూరింగ్‌కు ముందే, 1932లో, పోలండ్ గణితజ్ఞులు రెయెవ్‌స్కీ, అతని సహచరులు ఎనిగ్మా లోపలి కట్టుబాటును బయటపెట్టారు. యుద్ధం ముంచుకు వచ్చిన 1939లో తమకు తెలిసినదంతా బ్రిటిష్ వారికి అప్పగించారు. ట్యూరింగ్ ఆ పునాది మీద, అంతకంటె బలమైన బాంబ్ అనే యంత్రాన్ని రూపొందించాడు. దానిని మెరుగుపరచడంలో గోర్డన్ వెల్చ్‌మన్‌కు పెద్ద వాటా ఉంది.

ఇంకొక మాట. అంత సేవ చేసిన మనిషిని 1952లో, మరొక పురుషునితో సంబంధం ఉన్నదని, వాళ్ల ప్రభుత్వమే కోర్టుకు ఈడ్చి శిక్ష వేసింది. 1954 జూన్ 7న, 41 ఏళ్లకే చనిపోయాడు. 2013లో రాణి పేరుతో క్షమాభిక్ష పత్రం ఇచ్చారు. ఇది పటం మీద రాయాలా వద్దా అన్నది మీ తరగతి చూసి మీరే నిర్ణయించండి. పిల్లలు అడిగితే మాత్రం దాచకండి.


నీరుగట్టువారిపల్లె మగ్గం
మంగళవారం, ఉదయం 6.15

నేను చదువుకున్నది తక్కువ, అయినా ఈ చర్చలో నాకు తెలిసిన వస్తువు ఒకటి ఉంది కాబట్టి రాస్తున్నాను. మాది మదనపల్లె, పట్టు నేసే కుటుంబం. బాబేజ్ తన యంత్రానికి ఆదేశాలు ఇవ్వడానికి రంధ్రాల అట్టలు వాడాలనుకున్నాడని చదివాను. ఆ అట్టలు మగ్గం నుంచే పోయాయి. ఫ్రాన్సులో జకార్డు 1804లో పెట్టిన పద్ధతి అది. మా ఇంట్లో ఇప్పటికీ ఉంది.

చూడనివారి కోసం చెబుతాను. మగ్గం నెత్తిన పెట్టె ఉంటుంది. దాని పక్కన దారంతో ఒకదానికొకటి కుట్టిన అట్టలు దండలా వేలాడుతూ ఉంటాయి. నేసేవాడు కాలు తొక్కినప్పుడల్లా ఒక అట్ట వచ్చి సూదులకు ఆనుకుంటుంది. రంధ్రం ఉన్నచోట సూది లోపలికి దూరుతుంది, ఆ కొక్కెం పైకి లేస్తుంది, దానికి కట్టిన పడుగు పోగు లేస్తుంది. రంధ్రం లేనిచోట సూది వెనక్కి జరుగుతుంది, పోగు కిందనే ఉండిపోతుంది. ఉంటే లేస్తుంది, లేకపోతే లేవదు. అంతకు మించి అట్టకు ఏమీ తెలియదు. అయినా చీర అంచులో నెమలి వస్తుంది.

నాకు పన్నెండేళ్లప్పుడు కుట్టు తెగిన అట్టలను మా నాయన లేనప్పుడు నేనే కుట్టి పెట్టాను. రెండు అట్టలు తారుమారయ్యాయి. సాయంత్రానికి మూర పొడవు నేసిన తర్వాత చూస్తే, అంచులో ప్రతి నెమలికీ మెడ ఒకే చోట విరిగి ఉంది. మా నాయన కేకలు వేయలేదు. అట్టలను ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూసుకుంటూ పోయి, తప్పు దొరికిన తర్వాత నా చేతనే విప్పించి మళ్లీ కుట్టించాడు. మా అబ్బాయి బెంగళూరులో ప్రోగ్రాములు రాస్తాడు. వాడి ఉద్యోగమూ ఇదేనట.


కొర్లగుంట అయ్యవారు
మంగళవారం, ఉదయం 7.00

అన్నా, చదువు తక్కువన్న మాట ఇంకెప్పుడూ రాయవద్దు. ఆ దండలో పాత అట్టలు నాలుగు ఇవ్వగలరా? బాబేజ్ పటం కింద వేలాడదీస్తాం, ప్రదర్శన కాగానే భద్రంగా తిరిగి పంపిస్తాను.


నీరుగట్టువారిపల్లె మగ్గం
మంగళవారం, ఉదయం 7.10

నాలుగు కాదు, ఇరవై పంపిస్తాను. తిరిగి ఇవ్వనక్కరలేదు. వరుస తప్పకుండా వేలాడదీస్తే చాలు.


స్వర్ణముఖి
మంగళవారం, మధ్యాహ్నం 1.30

అట్టల మాట వచ్చింది కాబట్టి ఏడా లవ్‌లేస్ సంగతి చెబుతాను. బాబేజ్ యంత్రం గురించి ఇటలీకి చెందిన మెనబ్రేయా ఫ్రెంచిలో రాసిన వ్యాసాన్ని ఆమె ఇంగ్లీషులోకి అనువదించి, 1843లో, మూలానికి రెండింతలకు పైబడిన సొంత వివరణలతో అచ్చువేయించింది. జకార్డు మగ్గం పువ్వులనూ ఆకులనూ నేసినట్టుగా ఈ యంత్రం బీజగణితపు అల్లికలను నేస్తుందన్న పోలిక ఆమెదే. చివరి వివరణలో బెర్నూలీ సంఖ్యలను యంత్రం చేత ఎలా లెక్కించాలో మెట్టు మెట్టుగా పట్టిక వేసింది.

"మొట్టమొదటి ప్రోగ్రామర్" అని పిల్లలు రాసి ఉంటారు. బాబేజ్ అంతకు ముందే తన సొంత కాగితాల్లో అటువంటి మెట్లు కొన్ని రాసుకున్నాడు కాబట్టి "అచ్చయిన తొలి ప్రోగ్రాము" అనడం భద్రం. నా దృష్టిలో ఆమె గొప్పతనం పట్టికలో కంటె మరొక చోట ఉంది. స్వరాల మధ్య సంబంధాలను గుర్తుల్లో చెప్పగలిగితే ఈ యంత్రం సంగీతాన్ని కూడా కూర్చగలదని ఆమె ఊహించింది. బాబేజ్‌కు అంకెలే కనిపించాయి, అంకెలు దేనికైనా గుర్తులు కావచ్చునని ఆమెకు కనిపించింది. రెండు వరుసలూ దీనికే ఇవ్వండి.

హాపర్ విషయం కూడా చెప్పేస్తాను. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్‌లో మార్క్ టూ అనే యంత్రంలో రిలే అనే విద్యుత్ మీటలో ఒక పురుగు ఇరుక్కుంది. అక్కడి ఉద్యోగులు దానిని తీసి, రోజువారీ పుస్తకంలో టేపుతో అంటించి, నిజంగా పురుగు దొరికిన మొదటి సందర్భమని సరదాగా రాసిపెట్టారు. అప్పటికే ఆ మాట వాడుకలో ఉంటేనే కదా ఆ సరదా పండేది! ఎడిసన్ 1878లోనే ఉత్తరంలో ఆ మాట వాడాడు. పురుగును పట్టింది కూడా హాపర్ కాదు, ఆమె ఆ కథను ఊరూరా చెప్పింది. ఆమె అసలు పని 1952లో మొదలైంది. మనిషి రాసిన సంకేతాలను యంత్రం తన భాషలోకి తానే మార్చుకొనే ప్రోగ్రామును చేసి చూపిస్తే, యంత్రాలు లెక్కలు చేస్తాయి గానీ ప్రోగ్రాములు రాయవని చాలామంది నమ్మలేదు. ఆ దారిలోనే మామూలు ఇంగ్లీషు మాటలతో ఆదేశాలు రాసే భాష వచ్చింది, 1959లో మొదలైన, వ్యాపార లెక్కలకు వాడే కోబాల్ భాష దానినే ఆధారం చేసుకుంది.


చిత్తూరు గుమస్తా
మంగళవారం, సాయంత్రం 6.45

కోబాల్ పేరు విని కదిలిపోయాను. నేను బ్యాంకులో లెడ్జర్ల కాలంలో చేరి కంప్యూటర్ల కాలంలో పదవీ విరమణ చేసినవాడిని. నా దృష్టిలో మీ పది పటాల్లో రెండు లేకపోతే ప్రదర్శన అసంపూర్ణం. అవి ఎడ్గర్ కాడ్, జిమ్ గ్రే పటాలు. వీళ్లను ఎవరూ తలచుకోరు, మన డబ్బంతా వీళ్ల చేతుల మీదుగా నడుస్తుంది.

1970లో కాడ్ ఒక వ్యాసం రాశాడు. అంతకు ముందు కంప్యూటరులో దాచిన సమాచారం కావాలంటే, అది ఎక్కడ ఉందో, ఏ దారిలో పోతే దొరుకుతుందో ప్రోగ్రాము రాసేవాడికి తెలిసి ఉండాలి. దాచిన అమరిక మారితే ప్రోగ్రామూ మార్చాల్సిందే. సమాచారాన్నంతా వరుసలూ నిలువులూ ఉన్న పట్టికలుగా చూసి, ఏమి కావాలో అడిగితే చాలు, ఎలా వెతకాలో యంత్రమే చూసుకుంటుందని కాడ్ చెప్పాడు. తిరుమల దర్శనం టికెట్టు ఆన్‌లైన్‌లో తీసుకునేటప్పుడు తేదీ నొక్కగానే ఏ గంటకు ఎన్ని ఖాళీలున్నాయో కనిపించే పని వెనుక ఇటువంటి పట్టికల ఆలోచనే ఉంటుంది.

ఇక గ్రే. లెడ్జర్ల కాలంలో మా కష్టం చెబితే ఆయన పని అర్థమవుతుంది. సుబ్బయ్య ఖాతాలో 500 ఖర్చు రాసి, రామయ్య ఖాతాలో 500 జమ రాయాలి. మొదటిది రాసి, రెండవది రాసేలోగా ఎవరో పిలిచారనుకోండి, ఆ సాయంత్రం లెక్క కుదరదు. తేడా ఎక్కడుందో దొరికే వరకు అందరం రాత్రి తొమ్మిది దాకా కూర్చోవాలి. యంత్రంలోనూ అంతే, మధ్యలో కరెంటు పోవచ్చు. రెండు పనులూ జరగాలి, లేదా రెండూ జరగనట్టే ఉండాలి, సగంలో ఆగిన స్థితి అనేది ఎవరికీ కనబడకూడదు. ఒకే ఖాళీకి ఒకే క్షణంలో వెయ్యిమంది చేయి చాచినా అది ఒక్కరికే దక్కాలి. దక్కిందని చెప్పిన తర్వాత యంత్రం చెడినా అది దక్కినట్టే ఉండాలి. ఈ నియమాలను సిద్ధాంతంగా నిలబెట్టి, వాటిని ఆచరణలో పెట్టే పద్ధతులను తీర్చిదిద్దినందుకు ఆయనకు 1998లో, కంప్యూటర్ శాస్త్రంలో అన్నిటికంటె పెద్దదైన ట్యూరింగ్ పురస్కారం వచ్చింది.

గత సంవత్సరం నేను ఒక ప్రైవేటు బస్సుకు టికెట్టు తీస్తే డబ్బు పోయింది, టికెట్టు రాలేదు. ఫోను చేస్తే ఆ పిల్లవాడు, "మీ డబ్బు దారిలో ఉంది సార్" అన్నాడు. దారిలో ఉండటమేమిటి, చిల్లర మూటా? మూడో రోజు తిరిగి ఖాతాలో పడింది. బ్యాంకు పట్టిక ఒకచోట, బస్సు వాళ్ల పట్టిక ఒకచోట ఉండి, రెండింటికీ మధ్య మాట తప్పినప్పుడు వచ్చే తంటా అది. అయినా తిరిగి పడిందంటే, తప్పిన మాటను సరిచేసే ఏర్పాటు కూడా ఎక్కడో ఉందన్నమాట.

గ్రే తన తల్లి అస్థికలను సముద్రంలో కలపడానికి 2007 జనవరి 28న శాన్ ఫ్రాన్సిస్కో నుంచి పడవలో ఒంటరిగా బయలుదేరి మళ్లీ రాలేదు. స్నేహితులు ఉపగ్రహ చిత్రాలు తెప్పించి, వేలమంది చేత గాలింపజేసినా పడవ దొరకలేదు. ఇది పటం మీద రాయనక్కరలేదు. చెప్పాలనిపించింది.


పీలేరు కుర్రవాడు
మంగళవారం, రాత్రి 8.30

పెద్దలు క్షమించాలి, ఇంతసేపూ ఎవరూ రాజ్ రెడ్డి గారి గురించి రాయలేదు. నేను ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివాను. పల్లెటూళ్లలో పదో తరగతి బాగా చదివిన పిల్లలను తీసుకుని ఆరేళ్లు అక్కడే చదివించే ఆ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడటంలో ఆయన పాత్ర పెద్దది, దానికి కులపతిగా కూడా పనిచేశారు. మా నాయనకు రెండెకరాల టమాటా తోట, నేను ఇంజనీరును. కాబట్టి నాది కొంచెం పక్షపాతమే. ఆయన పటం మిగతా తొమ్మిదింటి కంటె పెద్దది పెట్టాలి. ఊరు మన చిత్తూరు జిల్లా కాటూరు అని పెద్ద అక్షరాలతో రాయాలి. ఫోనులో తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడుతున్నాయంటే ఆయన వల్లనే అని రాయాలి.


చిత్తూరు గుమస్తా
మంగళవారం, రాత్రి 8.50

నాయనా, మన జిల్లావాడని పటం పెద్దది చేస్తే చూసేవాడు మన జిల్లాను చూస్తాడు, ఆయన పనిని చూడడు. కృష్ణా జిల్లాలోనూ ఒక కాటూరు ఉంది. 2022 ఏప్రిల్ తర్వాత మన పాత జిల్లా ముక్కలు ఎటు పోయాయో పిల్లలకు పాఠం చెప్పుకోవాల్సి వస్తుంది. "అప్పటి చిత్తూరు జిల్లా కాటూరు" అని ఒక చిన్న వరుస చాలు.


స్వర్ణముఖి
మంగళవారం, రాత్రి 11.10

నేను మాటల ధ్వని మీదే పరిశోధన చేస్తున్నాను కాబట్టి ఈ పటం బాధ్యత నాకు వదిలిపెట్టండి.

రాజ్ రెడ్డి గారు 1937లో పుట్టారు. మద్రాసు గిండీ కళాశాలలో 1958లో సివిల్ ఇంజనీరింగు పూర్తిచేసి, ఆస్ట్రేలియాలో పై చదువు చదివి, అక్కడే ఐబీఎం అనే కంప్యూటర్ కంపెనీలో కొంతకాలం పనిచేసి, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర 1966లో డాక్టరేటు పొందారు. కృత్రిమ మేధ అన్న పేరును 1955 నాటి ప్రతిపాదనలో పెట్టిన మెకార్తీయే ఆయన గురువు. 1969లో అమెరికాలోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు, అక్కడ 1979లో రోబోటిక్స్ సంస్థకు తొలి సంచాలకులయ్యారు. ఇవన్నీ పదవులు. పని ఏమిటో చెబుతాను.

మనుషులు మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఇవ్వరు. మన తెలుగులో అయితే సంధి చేసి మరీ కలిపేస్తాం. "ఎప్పుడు వస్తావు" అని ఎవరంటారు, "ఎప్పుడొస్తావు" అనే అంటాం. చెవిలో పడేది ఒకటే ప్రవాహం, అందులో ఎక్కడ ఏ మాట మొదలైందో యంత్రానికి ఎలా తెలుస్తుంది? ఆ రోజుల్లో యంత్రాలు ఒక్కొక్క మాటనూ విడివిడిగా, అలవాటైన గొంతుతో పలికితేనే గుర్తుపట్టేవి. 1970లలో ఆయన బృందం చేసిన హియర్‌సే వ్యవస్థలు ఆపకుండా మాట్లాడిన వాక్యాన్ని పట్టుకున్నాయి. రెండవ హియర్‌సేలో ఒక చక్కటి ఏర్పాటు ఉంది, అయ్యవార్లకు నచ్చుతుంది. దాని పేరే నల్లబల్ల. ధ్వనులు తెలిసిన భాగం, మాటలు తెలిసిన భాగం, వాక్య నిర్మాణం తెలిసిన భాగం, ఇలా వేరువేరు నిపుణులు ఒకే బల్ల ముందు నిలబడి తమ తమ ఊహలను రాస్తూ, ఒకరి ఊహను మరొకరు బలపరుస్తూ జవాబుకు చేరుకుంటారు.

1976లో అక్కడే బ్రూస్ లవర్ చేసిన హార్పీ వ్యవస్థ 1,011 మాటలను గుర్తించింది. దాని కిటుకును మన ఊళ్ల పేర్లతో చెబుతాను. బస్టాండులో ఎవరో "తిరు..." అన్నారు. అది తిరుపతి కావచ్చు, తిరుమల కావచ్చు, తిరుచానూరు, తిరుత్తణి కూడా కావచ్చు. అప్పుడే తిరుపతి అని తేల్చేస్తే పొరపాటు పడతాం. ప్రపంచంలో ఉన్న మాటలన్నిటినీ మోసుకుంటూ పోతే ఆలస్యమవుతుంది. కాబట్టి బాగా కుదిరే నాలుగైదింటిని మాత్రం చేతిలో ఉంచుకుని, తర్వాతి ధ్వని వినగానే కుదరనివాటిని వదిలేస్తూ పోవాలి. "చా" వినబడిందా, తిరుచానూరు మిగిలింది. అక్కడే జేమ్స్ బేకర్ సంభావ్యత లెక్కలతో చేసిన డ్రాగన్, 1980ల చివర కై ఫూ లీ చేసిన, ఎవరి గొంతునైనా అందుకోగలిగే స్ఫింక్స్, ఇవన్నీ రాజ్ రెడ్డి గారి నీడలో పుట్టినవే. తాను చేసినదానికి సమానంగా తన దగ్గర చేయించినది ఉండటం ఆయన ప్రత్యేకత. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. ఆసియా మూలాలున్న వారిలో ఆయనే మొదటివారు.

కానీ తమ్ముడూ, "ఆయన వల్లనే" అని రాయవద్దు. ఈనాటి ఫోన్లు వింటున్నది ఎక్కువగా మెదడులోని నాడుల అల్లికను అనుకరించే నాడీజాల పద్ధతిలో, ఆ దారి వేసినందుకు హింటన్, బెంజియో, లెకూన్‌లకు 2018 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం ఇచ్చారు. ఆ వినికిడి ఇంకా పూర్తికానూ లేదు. మొన్న మా అమ్మమ్మ ఫోను నోటి దగ్గర పెట్టుకుని మా మామయ్యకు, "ఎప్పుడొస్తా ఉండావు" అని చెప్పింది. ఫోను, "ఎప్పుడొస్తా ఉండవు" అని రాసి పంపింది. మన వైపు "ఉండావు" అంటే ఉన్నావు, "ఉండవు" అంటే ఉండబోవు. ఒక్క దీర్ఘం పోయేసరికి మామయ్య, ఏమి నిష్ఠూరమో అని కంగారుపడి రాత్రి బస్సెక్కి వచ్చేశాడు. అమ్మమ్మ మాత్రం ఆ ఫోను మంచిదనే అంటుంది.


పీలేరు కుర్రవాడు
బుధవారం, ఉదయం 7.20

ఒప్పుకుంటున్నాను అక్కా. పటం అందరితో సమానంగానే ఉండనివ్వండి. కానీ గుమ్మం పక్కన మొదట ఆయనదే పెట్టండి సార్.


పలమనేరు గణకుడు
బుధవారం, ఉదయం 9.00

ఇంకొక పటం నా తరఫున. కెన్ థాంప్సన్. డెన్నిస్ రిచీతో కలిసి 1969లో కంప్యూటరును నడిపించే యూనిక్స్ అనే వ్యవస్థను మొదలుపెట్టినవాడని అందరూ రాస్తారు, అదీ నిజమే. కానీ తెలుగువాళ్లం ఆయనకు పడ్డ బాకీ వేరు.

కంప్యూటరుకు అక్షరం అంటే ఒక సంఖ్య. యూనికోడ్ అనే ప్రపంచ ప్రమాణం ప్రతి లిపికీ కొంత చోటు ఇచ్చింది, తెలుగుకు 128 గళ్లు దక్కాయి. మన దేశంలో అంతకు ముందే తయారైన ఇస్కీ అనే ప్రమాణం భారతీయ లిపుల వరుసకు ఆధారమైంది. ఇక ఆ సంఖ్యలను పాత ఇంగ్లీషు దస్త్రాలు చెడకుండా ఎలా నిల్వ చేయాలి? 1992 సెప్టెంబరులో ఒక రాత్రి, న్యూజెర్సీలో భోజనశాలలో కూర్చుని, థాంప్సన్ తన సహోద్యోగి రాబ్ పైక్ ఎదుట బల్ల మీద పరచిన కాగితం మీదే ఆ పద్ధతిని గీశాడు. దాని పేరు యూటీఎఫ్ 8. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు (కంప్యూటరులో నిల్వకు కొలత), తెలుగు సంకేతానికి మూడు.

పిల్లల చేత ఈ లెక్క చేయించండి. "తిరుపతి" చూడటానికి నాలుగు అక్షరాలు, లోపల ఏడు సంకేతాలు: త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి. ఏడు మూళ్లు ఇరవై ఒకటి బైట్లు. "చిత్తూరు"కు ఎనిమిది సంకేతాలు, 24 బైట్లు. "శ్రీ" ఒక్క అక్షరంలా కనిపిస్తుంది గానీ శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి కలిసి నాలుగు, అంటే 12 బైట్లు.


చిత్తూరు గుమస్తా
బుధవారం, ఉదయం 9.30

పటాలన్నీ పరదేశీయులవే అయిపోతున్నాయి. రెడ్డి గారొక్కరే మనవారు.


పలమనేరు గణకుడు
బుధవారం, ఉదయం 9.50

పదో పటం ముగ్గురిది పెట్టండి. మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అవునా కాదా అని, ఎంత పెద్ద సంఖ్యకైనా, ఊహలపై ఆధారపడకుండా, అదుపులో ఉండే కాలంలో తేల్చే పద్ధతిని 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్ నుంచి వెలువరించారు. ఆ ప్రశ్న ఎంతో కాలంగా తేలకుండా ఉంది. నీరజ్, నితిన్ అప్పటికి బీటెక్ ముగించి ఎన్నాళ్లో కాలేదు. తొమ్మిదో తరగతి పిల్లలకు ప్రధాన సంఖ్యలు ఎలాగూ తెలుసు, మిగతా తొమ్మిది పటాల కంటె ఇదే త్వరగా అర్థమవుతుంది.


కొర్లగుంట అయ్యవారు
గురువారం, రాత్రి 9.15

అందరికీ కృతజ్ఞతలు. పిల్లలను కూర్చోబెట్టి మీరు రాసినదంతా చదివించాను. రెండు వరుసల్లోకి కుదించే పని వాళ్లదే. రాజ్ రెడ్డి గారి కింద ఆ అమ్మాయే ఇలా రాసింది: "అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. మనుషులు ఆగకుండా మాట్లాడే మాటలను యంత్రం వినేలా చేసిన తొలి తరం వారిలో ఒకరు, అనేకమందికి దారి చూపిన గురువు." "తొలి తరం వారిలో ఒకరు" అనడానికి గంటసేపు వాదించుకున్నారు. హాపర్ పటంలో పురుగు బొమ్మ తీసేయమంటే మాత్రం ఏడో తరగతి వాళ్లు ఒప్పుకోలేదు. బొమ్మ ఉంటుంది, కింద మాట మారుతుంది.

మదనపల్లె నుంచి అట్టలు బస్సులో వచ్చాయి. ఇరవై కాదు, ఇరవై ఆరు ఉన్నాయి, వెనుక పెన్సిలుతో వరుస సంఖ్యలు వేసి.


కొర్లగుంట అయ్యవారు
శుక్రవారం, మధ్యాహ్నం 12.40

ఫ్లెక్సు దుకాణం నుంచి అచ్చు ప్రతి వచ్చింది. వాళ్ల యంత్రంలో పాత ఫాంట్లు ఉన్నాయట, యూనికోడ్ మాటలను అందులోకి మార్చేటప్పుడు కొన్ని అక్షరాలు విడిపోయాయి. కెన్ థాంప్సన్ పటం కింద, పిల్లలు ఎంతో ముచ్చటపడి ఉదాహరణగా రాసిన "శ్రీ" చూస్తే శ పక్కన పొల్లు, దూరంగా ర, దానిమీద దీర్ఘం. నాలుగు సంకేతాలూ నాలుగు చోట్ల ఉన్నాయి. ఆ అమ్మాయి అది చూసి, "సార్, ఇట్లే ఉండనీండి, లెక్క బాగా కనిపిస్తా ఉంది" అంటోంది.

గణకుడు గారూ, ఆ ఒక్కటి విరిగినట్టే ఉంచి, పక్కన సరైనది వేయించమందామా? దుకాణం అతను నాలుగింటి వరకు ఆగుతానన్నాడు.


పలమనేరు గణకుడు
శుక్రవారం, మధ్యాహ్నం 12.55

రెండూ వేయించండి. మిగతా తొమ్మిది పటాల అచ్చు ప్రతులు కూడా ఇక్కడ పెట్టండి, "కంప్యూటర్"లో ప్యూ ఎలా పడిందో చూడాలి.